ఎనిమిది సీసాల్లో ఒక్కడు

చీటీలు రాసే పని ఎప్పుడూ ఆమెదే. బ్రెడ్డు ఫ్యాక్టరీ ప్యాకింగు గదిలో అట్టపెట్టెల మీద తేదీ, బ్యాచి నంబరు వేసేది ఆమె. గుండ్రటి, విడివిడి అక్షరాలు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయినా చేతిరాత ఆగలేదని తోటి ఆడవాళ్ళు అంటారు. అలా రాతలక్క అని పేరు పడింది. ఏడాదికోసారి ల్యాబు నుంచి మూత్ర పరీక్షకు ఎర్రమూతల చిన్న సీసాలు వచ్చినప్పుడు, సూపర్‌వైజరు ఆ పెట్టెను కూడా ఆమె బల్ల మీదే పెట్టి, జాబితా చేతికిచ్చి వెళ్ళిపోతాడు.

జాబితాలో ఎనిమిది పేర్లు. పిండి కలిపేవాళ్ళు, అచ్చుల్లో సర్దేవాళ్ళు, బట్టీ దగ్గర నిలబడేవాళ్ళు. నలుగురు తినే తిండిని ముట్టుకునే చేతులు కాబట్టి, వాళ్ళ ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితం గోడకు వేలాడాలి. శుక్రవారం తనిఖీ ఆఫీసరు వస్తాడు.

ఆ సోమవారం ఆమె ఒక్కొక్క పేరూ రాసి, చీటీ సీసాకు అంటించి, బొటనవేలితో రెండుసార్లు నిమిరింది. ఎనిమిదో చీటీ మీద తన భర్త పేరు రాసింది. పెట్టెలో మొత్తం పది సీసాలున్నాయి. మిగిలిన రెండూ కవరు విప్పకుండా అలాగే సొరుగులో పెట్టింది.

సీసాల ట్రే పట్టుకుని బట్టీ గది గుమ్మంలోకి వచ్చేసరికి వేడి ముఖానికి కొట్టింది. ఆమె భర్త, పిండి పొంగబెట్టే గదిలోంచి వచ్చిన అచ్చుల వరుస ముందు వంగి, ఒక్కొక్క దాన్నీ చూపుడువేలితో నొక్కి చూస్తున్నాడు. వేలు తీశాక పడిన గుంట మెల్లగా పైకి లేస్తే ఆ పిండి బట్టీకి సిద్ధమైనట్టు. ఆరో అచ్చు దగ్గర ఆగాడు. గుంట లేవలేదు.

"ఇది పక్కన పెట్టు," అన్నాడు వెనక నిలబడ్డ మనిషితో, తల తిప్పకుండానే. "పైకి నిండుగానే ఉంటుంది. లోపల పట్టు పోయింది. బట్టీలోకి వెళితే కూలబడుతుంది."

అందరూ అతన్ని గుండ్రాయి అంటారు. పన్నెండేళ్ళలో ఒంట్లో బాగాలేదని ఒక్క రోజు సెలవు పెట్టిన మనిషి కాదు. గుండ్రాయిలా ఉన్నాడని ఎవరో ఒకసారి అన్నారు, ఆ మాటే పేరయి కూర్చుంది.

"ఆ ట్రే ఇటు పెట్టమ్మాయ్," అన్నాడు పిండి మామ. పిండి కలిపే యంత్రం అతనిది. కనుబొమల మీద కూడా పిండే. "మన ట్యాంకరు ఖాళీ అయ్యాడా?"

"అచ్చులు చూస్తున్నాడు."

"తొందరగా చూడమను. పొద్దున్నించి నాలుగు చెంబులు తాగించాం. ఇంకా ఆపితే పాపం మనకే."

మగవాళ్ళు నవ్వారు. గుండ్రాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి ట్రే అందుకున్నాడు. ఎనిమిది సీసాలూ నింపేది అతనే. పోయిన ఏడూ ఇదే పద్ధతి. ఎనిమిది కాగితాలూ శుభ్రంగా వచ్చాయి.

"ఎవరిది వాళ్ళు ఇస్తే ఏం పోతుంది మామా?" అంది ఆమె. పోయిన ఏడు కూడా అదే అడిగింది.

"కోత మిషను దగ్గర కుర్రాడు ఇచ్చాడు కదా. నిజాయితీపరుడు. చక్కెర ఉందని తేలింది. తగ్గాక రమ్మన్నారు. రెండేళ్ళయింది. తగ్గి రావడానికి అదేమన్నా జలుబా?" పిండి మామ గొంతు తగ్గించాడు. "నాకూ ఉందమ్మా. నాకు తెలుసు, మీ అత్తకి తెలుసు, దేవుడికి తెలుసు. ఇక గోడకి కూడా తెలియాలా?"

గుండ్రాయి స్నానాల గదిలోంచి బయటికి వచ్చాడు. మూతలు బిగించిన సీసాల్ని ఎవరి పేరున్నది వాళ్ళకి, బళ్ళో మిఠాయి పంచినట్టు, ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు.

"ఇదిగో బావా, నీ ఆరోగ్యం. ఇదిగో నీది. జాగ్రత్త, వేడిగా ఉంది."

"ఆ ముఖం చూడమ్మాయ్," అన్నాడు పిండి మామ. "నిండు చందమామ. ఈమధ్య ఒళ్ళు కూడా చేశాడు. ఇంట్లో ఏం పెడుతున్నావోగాని, మాక్కూడా కాస్త పెట్టరాదూ."

ఆమె భర్త ముఖం చూసింది. నిజమే, నిండింది. కళ్ళ కింద, చెంపల మీద. పొద్దున లేచినప్పుడు మరీ నిండుగా ఉంటుంది.

*

ఆ సాయంత్రం అతను గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్ళు తీశాక, అవి ఉన్న చోట కాలి చుట్టూ తాడు బిగించినట్టు లోతుగా గీత. కూతురు పరుగెత్తుకొచ్చి కింద కూర్చుంది. రెండో తరగతి. ఈ మధ్య దానికి నాన్న కాలు ఒక ఆటయింది.

"కదలకు నాన్నా."

బొటనవేలితో పిక్క ముందు ఎముక మీద నొక్కింది. వేలు తీసింది. గుంట పడింది. దాని పక్కన ఇంకొకటి. కింద అడ్డంగా చూపుడువేలితో నొక్కుతూ పోయింది.

"రెండు కళ్ళు, ఒక నోరు. చూడమ్మా, నాన్న కాలు నవ్వుతోంది."

"నవ్వదా మరి, నా కాలు కదా," అన్నాడు అతను.

"ఇప్పుడు లెక్కపెడతా. నిన్న ఇరవై దాకా గుంట పోలేదు." కూతురు లెక్కపెట్టసాగింది. పదిహేను, పదహారు. ఆమె వంటింట్లోంచి గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది. ఇరవై అయింది. ఇరవై అయిదు అయింది. నవ్వుతున్న ఆ ముఖం ఇంకా కాలి మీద అలాగే ఉంది.

ఆమె గిన్నె కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"ఎప్పట్నించి ఇలా పడుతున్నాయయ్యా గుంటలు?"

"ఏం గుంటలు? రోజంతా బట్టీ ముందు నిలబడితే కాళ్ళు ఉబ్బవా? నీకు ఉబ్బవూ?"

"నాకు ఉబ్బుతాయి. గుంటలు పడవు."

"నీది ప్యాకింగు," అన్నాడు అతను. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయినట్టు కాళ్ళు కడుక్కోవడానికి లేచాడు.

*

బుధవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు పిలిపించాడు. అతని గది చిన్నది. బల్ల, రెండు కుర్చీలు, గోడకు తగిలించిన కాగితాలు. అతను ఫోను అప్పుడే పెట్టినట్టున్నాడు, చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"ఏమ్మా, ఆ సీసాలు నువ్వేగా సర్దింది?"

"నేనే సార్."

"ల్యాబు నుంచి ఫోను. యూరిన్‌లో ఏదో ప్రొటీను పోతోందట, మూత్రపిండాలకి సంబంధించింది. బాగా ఎక్కువట. ఎంతమందికో తెలుసా? ఎనిమిది మందికీ. ఒకే కొలత. ఆ అమ్మాయి ఫోన్లో నవ్వుతోంది. ఎనిమిది మందికి ఒకే రోజు ఒకే జబ్బు ఒకే కొలతలో ఎలా వస్తుంది సార్, సీసాల్లోనే ఏదో ఉంది అంటోంది."

ఆమె గోడ మీది కాగితాల వంక చూసింది.

"సీసాలు కడిగావా?"

"సార్..."

"కడిగే ఉంటావులే. చేతికొచ్చిన ప్రతిదీ కడగడం ఆడవాళ్ళకి అలవాటు. సబ్బు నీళ్ళు పెట్టి కడిగి ఉంటావు. అవునా?"

అది అడిగినట్టు లేదు. చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించినట్టు ఉంది. కాదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఎనిమిది ఇళ్ళ పొయ్యిలు ఏమవుతాయో తెలుసు. అందులో ఒకటి తనది.

ఆమె తల ఊపింది.

సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అనుకున్నాను. సరే, ఏం చేస్తాం."

"మళ్ళీ తీయిస్తారా సార్?"

"ఎప్పుడమ్మా? ఎల్లుండే ఆఫీసరు వస్తున్నాడు. పోయినేటి అంకెలే వేసి పంపమన్నాను. పోయినేడు అందరికీ బాగానే ఉంది కదా. ఏడాదిలో మనిషి ఏం మారిపోతాడు?"

ఆమె బయటికి వచ్చింది. నడవాలో పిండి బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి, బస్తా మీద చెయ్యి ఆనించింది. ఎనిమిది మందికి ఒకే జబ్బు ఎలా వస్తుందని ల్యాబు అమ్మాయి నవ్వింది. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడ ఎనిమిది మంది లేరు. ఒక్కడే ఉన్నాడు.

*

సాయంత్రానికే కబురు అన్ని గదులకూ పాకింది.

"అక్కా, మా బనీన్లు రెండున్నాయి, వాటినీ కడిగి పెడతావా?" అన్నాడు అచ్చులు సర్దే మనిషి.

"మన అమ్మాయి శుభ్రానికి పెట్టింది పేరు," అన్నాడు పిండి మామ. "ఇంకా నయం, సీసాలతో ఆగింది. మీ ఆయన్నే సబ్బు పెట్టి రుద్దితే మా గతేంటి?"

ఆమె కూడా నవ్వింది. నవ్వక తప్పలేదు. పెట్టెల మీద తేదీ వేస్తూ ఒక పెట్టె మీద నిన్నటి తేదీ వేసింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. దాని మీద తెల్ల కాగితం అతికించి మళ్ళీ రాసింది.

గురువారం కాగితాలు వచ్చాయి. ఒకటి గోడకు, ఒకటి మనిషికి. గుండ్రాయి తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకుని, ఇంట్లో అద్దం వెనక దోపాడు. కూతురు బయట ఆడుకుంటోంది. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"నేను సీసాలు కడగలేదయ్యా."

"కడిగానని సూపర్‌వైజరుకి చెప్పావట కదా."

"తల ఊపాను, అంతే."

"మన ఊళ్ళో తల ఊపితే కాదని అర్థమా?"

"ఆయన కడిగావా కడిగావా అంటుంటే ఏం చెప్పమంటావు? ఆ సీసాలన్నీ మా ఆయనవే అని చెప్పమంటావా?" ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. "నీ ఒంట్లో బాగాలేదని వచ్చిందయ్యా. మూత్రపిండాలట. ఒక్కసారి కాదు, ఎనిమిది సార్లు వచ్చింది."

అతను లేచి అద్దం వెనక నుంచి కాగితం తీసి, మడతలు విప్పి, వేలు పెట్టి చదివాడు.

"ఆరోగ్యవంతుడు. పనికి యోగ్యుడు. కింద సంతకం. నువ్వు డాక్టరువా, ఆయన డాక్టరా?"

"ఆయన నిన్ను ఎప్పుడైనా చూశాడా?"

"చూడకుండానే చెప్పాడంటే ఎంత పెద్ద డాక్టరో ఆలోచించు."

తనే నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఒక్కసారి ఆరోగ్య కేంద్రానికి వెళదాం. నేనూ వస్తాను. ఒక్క పూట."

"వెళ్ళి ఏం చెప్పను? నొప్పి లేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. ఏమీ లేనివాడు డాక్టరు ముందు కూర్చుని ఏం చెప్పుకుంటాడే? అక్కడ మనవాళ్ళు ఎవరైనా చూశారనుకో. గుండ్రాయి ఆసుపత్రిలో ఉన్నాడని రేపు పుకారు లేస్తుంది. ఆ ఏడుగురూ ఏమైపోతారు? వచ్చే ఏడు ఎవరి దగ్గరికి పోతారు?"

"వాళ్ళ సంగతి సరే. మన సంగతో?"

"మన సంగతి ఇదిగో," అని కాగితం చూపించి, అవే మడతల మీద మడిచి అద్దం వెనక దోపాడు.

ఆమె దేవుడి పటం ముందు దీపం పెట్టి కూర్చుంది. దేవుడు అన్నీ చూస్తాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో ఏ లోటూ లేదు. చూసినది ఆయన ఎవరికి చెబుతాడో, ఎలా చెబుతాడో అన్నది మాత్రం ఎప్పుడూ అంతుపట్టలేదు. ఈసారి చెప్పినట్టే ఉంది. ఒకటికి ఎనిమిది సార్లు చెప్పాడు. ఆయన మాట సబ్బు నీళ్ళని తల ఊపింది తనే. అలా అయితే తప్పు ఎవరిది స్వామీ అని అడిగింది. దీపం నిలకడగా వెలిగింది.

*

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. గోడ ముందు నిలబడి కాగితాల్ని పై నుంచి కిందికి చూశాడు. పిండి పీపాలకు మూతలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నారు. బట్టీ గదిలోకి తొంగి చూసి, వేడికి వెనక్కి తగ్గి, గుండ్రాయి భుజం తట్టాడు.

"ఇలాంటి మనుషులుండాలయ్యా," అన్నాడు సూపర్‌వైజరుతో.

ఆఫీసరు వెళ్ళాక ఆమె సూపర్‌వైజరు గది తలుపు తట్టింది. అతను మాత్రల అట్టలోంచి ఒకటి తీసి, నోట్లో వేసుకుని, నీళ్ళు తాగుతున్నాడు. మింగేదాకా మాట్లాడలేదు. అట్టను సొరుగులో పెట్టాడు.

"సార్, ఆ సీసాలు నేను కడగలేదు."

"తలుపు వెయ్యమ్మా."

వేసింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు. నువ్వు కడగలేదంటే ఎనిమిది మందికీ రోగం ఉండాలి. లేదంటే ఎనిమిది సీసాలూ ఒక్కడివై ఉండాలి. మొదటిదైతే రోగమని ఎనిమిది మందినీ పంపాలి. రెండోదైతే మోసమని ఎనిమిది మందినీ పంపాలి, చీటీలు రాసినందుకు నిన్నూ పంపాలి. రేపు బట్టీ ఎవరు వెలిగిస్తారు? నువ్వా, నేనా?"

"ఎనిమిది మంది సంగతి వద్దు సార్. ఒక్కరికి మళ్ళీ పరీక్ష చేయించండి. మా ఆయనకి."

"ఒక్కరికే ఎందుకు చేయిస్తున్నావని పైవాళ్ళు అడిగితే?" అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలియకుండా జరుగుతోందనుకున్నావా? పోయినేడే తెలుసు. ఎనిమిది కాగితాలు ఒకే అచ్చులో పోసినట్టు వస్తే ఎవరికి తెలియదు? నేను చెడ్డవాణ్ణి కాదమ్మా. ఆ కోత మిషను కుర్రాణ్ణి పంపిన కాగితం మీద సంతకం నాది. మళ్ళీ అలాంటిది పెట్టడం ఇష్టం లేక కళ్ళు మూసుకున్నాను. నాకూ బీపీ ఉంది. బయట చూపించుకుంటాను, ఇక్కడ ఎవరికీ చెప్పను. మీ ఆయన్నీ అలాగే బయట చూపించుకోమను. ఈ కాగితం ఆఫీసరు కోసం, అంతే."

"ఆయన రానంటున్నాడు సార్."

"ఎందుకని?"

"మీరిచ్చిన కాగితం చూపించి రానంటున్నాడు."

సూపర్‌వైజరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. బల్ల మీది పెన్నుల్ని ఒక వరుసలో పేర్చాడు. ఒకటి కొంచెం పక్కకు జరిగితే దాన్నీ సరిచేశాడు. "ప్యాకింగులో నీకోసం చూస్తుంటారు," అన్నాడు.

తన గదికి వచ్చి ఆమె సొరుగు తెరిచింది. మిగిలిన రెండు సీసాలూ కవరులోనే ఉన్నాయి. ఒకటి తీసి కొంగులో ముడి వేసుకుంది.

*

శనివారం ఇద్దరికీ మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నే అతను లేచి పళ్ళు తోముకుంటుంటే ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఇదిగో, పిండి మామ సీసా ఒక్కటి మళ్ళీ కావాలట. ల్యాబువాళ్ళు మళ్ళీ అడిగారట."

ఆ వారంలో అది ఆమె రెండో అబద్ధం. మొదటిది తల ఊపి చెప్పింది. దీన్ని నోటితో చెప్పాల్సి వచ్చింది.

అతని ముఖం విప్పారింది. "అంతేనా? ఇంకెవరికైనా కావాలేమో అడక్కపోయావా, ఒక చేత్తో పనైపోను." సీసా కోసం చెయ్యి చాపాడు. "ఈసారి సబ్బు పెట్టలేదు కదా?"

"కవరు విప్పలేదు చూడు. నువ్వే విప్పు."

అతను పళ్ళతో కవరు చింపి, మూత తీసి, సీసాలోకి ఊది, వెలుగుకి ఎత్తి చూశాడు. "అద్దంలా ఉంది. మా మామ అదృష్టవంతుడు," అంటూ లోపలికి వెళ్ళాడు.

తెచ్చి ఇచ్చినప్పుడు సీసా పైభాగమంతా నురగ. సబ్బు నురగలాగే ఉంది. ఆమె కదపకుండా పట్టుకుని నిలబడింది. ఎంతసేపు చూసినా నురగ అణగలేదు. కూతురి పెన్సిలు డబ్బాలోంచి పెన్ను తీసి, చీటీ మీద భర్త పేరు రాసింది. అంత నిదానంగా ఆమె ఏ పేరూ రాయలేదు.

ఆరోగ్య కేంద్రం మూడు వీధుల అవతల. వరుసలో నిలబడింది. ముందున్న ముసలావిడ తన సీసాను చీరకొంగుతో కప్పుకుంది, ఈమె కూడా కప్పుకుంది. పరీక్ష బల్ల దగ్గర కూర్చున్నావిడ తల ఎత్తకుండా సీసా అందుకుని, మూత తీసి, సన్నటి కాగితపు పట్టీ ముంచి, తీసి, గడియారం చూసింది. పట్టీ మీద పసుపుపచ్చగా ఉన్న గడి ఆకుపచ్చ అయింది. అది ముదిరి ఇంకా ముదురు ఆకుపచ్చ అయింది. అప్పుడు తల ఎత్తింది.

"ఎవరిది?"

"మా ఆయనది."

"ఆయనేడీ?"

"రాలేదండీ."

"పొద్దున్నే ముఖం వాస్తుందా?"

"ఒళ్ళు చేశాడని అందరూ అంటున్నారు."

"కాళ్ళు?"

"గుంటలు పడుతున్నాయి. మా పాప ఆడుకుంటుంది వాటితో."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ప్రొటీను చాలా పోతోందమ్మా. ఇదొక్కటి చూసి నేనేమీ చెప్పలేను. రక్తం చూడాలి, బీపీ చూడాలి. మూత్రపిండాల డాక్టరు గురువారం వస్తారు, తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా. మనిషిని తీసుకురా. తప్పకుండా తీసుకురా."

"తగ్గుతుందా అండీ?"

"అది డాక్టరే చెప్పాలి. మొదట్లోనే దొరికితే చాలామందికి మందులతో అదుపులోకి వస్తుంది. అందుకే నొప్పి లేకపోయినా ఏడాదికోసారి చూపించుకోమనేది."

"చూస్తూనే ఉన్నారండీ," అంది ఆమె. "ఏడాదికోసారి చూస్తారు. మొన్న సోమవారం ఒక్కరోజే ఎనిమిది సార్లు చూశారు."

ఆవిడకు అర్థం కాలేదు. వెనక వరుసలోవాళ్ళు కదులుతున్నారు. చీటీ రాసి ఇచ్చింది. పేరు, తేదీ, ప్రొటీను అన్న చోట మూడు కూడిక గుర్తులు.

*

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అతను గుమ్మంలో పీట మీద కూర్చుని బూటు వేసుకుంటున్నాడు. ఎడమ కాలిది అయింది. తాడు పొడుగు సరిపోక పై రెండు కన్నాలు వదిలేసి ముడి వేశాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"బాగానే వచ్చిందా మామకి?"

దారిపొడుగునా ఆమె చాలా మాటలు సిద్ధం చేసుకుంది.

"రాలేదు," అంది.

"అయ్యో." అతను వంగి కుడి బూటు దగ్గరికి లాక్కున్నాడు. "పాపం మామ. డాక్టరుకి చూపించుకోమని చెప్పు. ఆ వయసులో అశ్రద్ధ చేస్తే..."

బూటు చేతిలోనే ఉండిపోయింది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అతను తల ఎత్తలేదు.

"సీసా..." అన్నాడు.

"నువ్వే విప్పావు కదయ్యా."

ఆమె చీటీ అతనికి ఇవ్వలేదు. పక్కన గడప మీద పెట్టింది. అతను దాని వంక చూశాడు. తన పేరు ఉంది. వేలు పెట్టి చదవలేదు. బూటు కింద పెట్టి, కుడి కాలి మీద ప్యాంటు మోకాలి దాకా పైకి మడిచాడు. చూపుడువేలితో పిక్క ముందు ఎముక మీద నొక్కాడు. రోజుకు వెయ్యి అచ్చులు నొక్కే వేలు. ఎంత బలం పెట్టాలో, ఎంతసేపు ఆగాలో, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తీశాడు.

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"గురువారం పెద్ద డాక్టరు వస్తారట," అంది ఆమె. "తొమ్మిదింటికి."

"గురువారం నాది పొద్దుటి షిఫ్టు."

"సెలవు పెట్టు."

"సెలవు చీటీలో కారణం రాయాలి." అతను గుంట మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "పన్నెండేళ్ళలో నేను రాయలేదు. ఏం రాయాలో నాకు తెలీదు. నువ్వు రాయి. నీ రాత బాగుంటుంది."

ఆమె కూతురి నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, గడప మీద పెట్టుకుంది. తేదీ వేసింది. అతని పేరు రాసింది. బట్టీ విభాగం అని రాసింది. గురువారం ఒక్క రోజు సెలవు కావాలని రాసింది. గుండ్రటి, విడివిడి అక్షరాలు. కారణం అని రాసి, రెండు చుక్కలు పెట్టింది. అక్కడ పెన్ను ఆగింది. ఒంట్లో బాగాలేదని రాస్తే గోడ మీది కాగితం ఏమవుతుంది? ఆ కాగితం పక్కన వేలాడే ఏడు కాగితాలు ఏమవుతాయి? పెళ్ళనో, పనుందనో రాస్తే ఆ తర్వాతి గురువారం ఏం రాయాలి? దాని తర్వాతి గురువారం?

కూతురు ఆట ఆపి వచ్చి తండ్రి కాలి దగ్గర గొంతుక్కూర్చుంది. నాన్న తనంతట తనే నొక్కుకున్నాడని దానికి సంబరంగా ఉంది.

"నేను లెక్కపెట్టనా నాన్నా?"

అది లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది అయింది. ఇరవై అయింది. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు ఇద్దరు ఇంటి ముందు నుంచి పోతూ, "రా బావా, టైమవుతోంది," అని కేకేసి వెళ్ళారు. ఆమె పెన్ను రెండు చుక్కల దగ్గరే ఉంది. ముప్ఫై దాటింది. నలభై దాటింది. యాభై దగ్గర కూతురు ఊపిరి తీసుకోవడానికి ఆగి, గుంట ఇంకా ఉందో లేదో వంగి చూసి, మళ్ళీ యాభై ఒకటి అంది.